పెళ్ళికొడుకు అభ్యంతరం

"నాన్నగారు ఒప్పుకున్నారే! ఈ ఆదివారమే మీ చర్చిలోనూ మా చర్చిలోనూ పెళ్ళి ప్రకటన మొదటిసారి చదువుతారట" అని సరోజిని రాసిన ఉత్తరం శుక్రవారం సాయంత్రం వచ్చింది. కవరు మీద నా పేరు పక్కన మా ఆయన ఇంటిపేరు! పోస్టులో అలా రావడం అదే మొదటిసారి. పెళ్ళయి నలభై రోజులే కదా, ముందు కవరునే రెండుసార్లు చదువుకుని, ఆ తర్వాత ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరిగాను.

సరోజినీ నేనూ కాకినాడ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. దాన్ని మా మరిది ఏసుదాసుకి చేయాలన్న ఆలోచన నాదే. అత్తయ్యగారు ప్రార్థన చేసి అందరి నోట్లో పంచదార పోశారు. సైన్సు మాస్టారైన మా ఆయన సాలమోను, బడిలో ఎవరూ నవ్వగా చూడని మనిషి, ఎవరూ చూడకుండా నా జడ లాగి వెళ్ళిపోయారు.

ఏసుదాసు మాత్రం ఒక్కడే నూతి దగ్గరికి నడిచాడు. ఆటపట్టిద్దామని వెనకే వెళ్ళాను.

"ఏంటండీ మరిదిగారూ, అప్పుడే బెంగా?"

"వదినగారూ, ఒకటి అడుగుతానండి. ప్రకటన చదివేక, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు కదండీ. అది పెళ్ళికొడుకే చెప్పొచ్చాండీ?"

నేను ఫక్కున నవ్వాను. అతను నవ్వలేదు.

"దేవుడి మందిరంలో అడిగినప్పుడు తెలిసుండి ఊరుకుంటే అబద్ధమాడినట్టే కదండీ. ఎల్లుండి లేచి చెప్పేస్తానండి. సరోజినిగారి తప్పేమీ లేదని కూడా చెప్తానండి."

మా వాళ్ళలో పెళ్ళి ప్రకటన వరసగా మూడు ఆదివారాలు చదువుతారు. అభ్యంతరమంటూ ఎవరైనా లేచిన గుర్తు అత్తయ్యగారికి కూడా లేదు. పెళ్ళికొడుకే లేచాడంటే, అతను ఏం చెప్పినా సరే, జనం లోపం సరోజినిలోనే వెతుకుతారు. ఆ తర్వాత దానికి సంబంధం రాదు.

"ఏముందని చెప్తారు?"

నడుం దగ్గర లుంగీ మడతలోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. నల్లటి లేహ్యం. నా వంక చూడకుండా, ఆ డబ్బాకే చెప్పుకున్నట్టు చెప్పాడు. అమలాపురంలో ఒక లాడ్జికి నెలకోసారి డాక్టరొకడు వస్తాడట. గోడల మీద అతని రాతలు చూసి మరిది వెళ్ళాడట. "నిద్రలో అప్పుడప్పుడు..." అని ఆగిపోయాడు. ఆ డాక్టరు నాడి పట్టుకుని, ఒక్క చుక్క పోతే నలభై చుక్కల రక్తం పోయినట్టే, నరాలు చచ్చుబడ్డాయి, పెళ్ళి చేసుకుంటే ఆ పిల్ల బతుకు బుగ్గే, పిల్లలు పుట్టరు అన్నాడట. ఈ లేహ్యం ఇచ్చి, చేపా గుడ్డూ ముట్టొద్దన్నాడట. అందుకా, నేను వచ్చిన దగ్గర్నుంచీ నా చేపల పులుసు వద్దంటున్నాడు! నా చేతివంటే బాగుండటం లేదనుకుని ఎన్నిసార్లు మథనపడ్డానో.

గదిలోకి పరుగెత్తాను. మా ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. నేను సగం చెప్పేసరికే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"తమ్ముడితో ఆ మాటలు నేనెలా మాట్లాడతాను సువర్ణా?"

"పదో తరగతికి ఆ పాఠం చెప్పేది మీరేగా?"

"ఇంట్లో చదువుకోమంటాను."

"ఇంట్లో ఎవరు చెప్తారండీ?"

ఆయన కలానికి మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. ఇక లాభం లేదని నేనే నూతి దగ్గరికి వచ్చాను. పరీక్షలో నాలుగు పేజీలు రాసిన సంగతే, మరిది ముందు నాలుక కదలలేదు. నూతిలోకి వంగి, నీళ్ళతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాను.

"నా మొహం చూడకండి, నేనూ చూడను. బియస్సీలో చదివిందే చెప్తున్నాను. నిద్రలో అలా అవడం జబ్బు కాదు. వయసొచ్చిన మగవాళ్ళలో చాలామందికి అవుతుంది. అవనివాళ్ళకీ జబ్బు లేదు. అది రక్తం కాదు. ఒళ్ళు దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. పోయినందుకు నరాలు చచ్చుబడవు. పిల్లలు పుట్టడానికీ అది అడ్డు కాదు."

"మరి నీరసం, కళ్ళు తిరగడం?"

"మూడు పూటలా మజ్జిగన్నం తింటే నాకూ తిరుగుతాయి."

"మీరు ఆడవారండీ. మీకెలా తెలుస్తుంది? ఆయన చెయ్యి పట్టుకోగానే చెప్పేసేడండీ, నేను చెప్పకుండానే."

"ఆ లాడ్జి మెట్లెక్కిన ప్రతివాడికీ అదే చెప్తాడు."

ఏసుదాసు డబ్బా మూత బిగించాడు. "ఎల్లుండి దాకా ఎందుకండీ, పాస్టరుగారికి ఇప్పుడే చెప్పొస్తాను" అంటూ గేటు వైపు నడిచాడు. ఆపడానికి చెయ్యి పట్టుకోలేను, అరిస్తే అత్తయ్యగారు వస్తారు.

"ఒరే, ఆగు."

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు, కలం చేతిలోనే ఉంది.

"నేనూ తిన్నానురా ఆ లేహ్యం. బీయీడీ చదివేటప్పుడు, ఎనిమిది నెలలు. పెళ్ళొద్దని అమ్మతో రెండేళ్ళు దెబ్బలాడింది అందుకే."

ఆ మాట నాకూ తెలియదు. ఆయన నా వైపు చూడలేదు.

"ఎలా తగ్గిందన్నయ్యా?"

"తగ్గడానికి జబ్బుంటే కదా. ఆసుపత్రిలో ఒక డాక్టరుగారు నవ్వకుండా కూచోబెట్టి చెప్పేరు. ఇందాక మీ వదిన చెప్పిందే."

"మరి నాకెందుకు చెప్పలేదన్నయ్యా, ఇన్నాళ్ళూ?"

"సిగ్గేసిందిరా" అన్నారు.

ఏసుదాసు చెయ్యి ఇంకా గేటు గడియ మీదే ఉంది. "ఇద్దరూ నన్ను ఓదార్చడానికి అంటున్నారేమో..."

"అయితే మా మాట నమ్మకు. రేపు నేను సెలవు పెడతాను. మొదటి బస్సుకి ముగ్గురం అమలాపురం పెద్దాసుపత్రికి వెళ్దాం. డాక్టరుగారితో ఒక్కడివే లోపల కూచుని అన్నీ అడుగు. పెళ్ళికి పనికిరావని ఆయన అంటే, ఎల్లుండి చర్చిలో నీ పక్కన నేనూ లేచి నిలబడతాను."

గడియ మీంచి చెయ్యి తీశాడు. "ఆయ్, సరేనన్నయ్యా."

"నాలుగింటికల్లా ఇద్దరినీ లేపుతాను" అన్నాను నేను.