సీసా మీది దేవుడు

మా చెల్లెలు దీప కుడికన్ను కాలిన పొద్దున నాకు ఒళ్లు మండాల్సింది. మండలేదు. చెంబుతో దాని కంట్లోకి నీళ్లు పోస్తూనే ఉన్నాను. అది కేకలు పెడుతుంటే ఎవరో పక్కింట్లో అరుస్తున్నట్టుంది నాకు.

ఇద్దరం నాచారంలో ఒకే ఇంజెక్షన్ల కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తున్నాం. నాది ప్యాకింగ్. దీప లైటు ముందు కూర్చుని ఒక్కో మందుసీసా తిప్పి, లోపల నలుసుందేమో చూస్తుంది. దానికి కాంటాక్ట్ లెన్సులు ఉండాల్సిందే. ఆ రోజే కంటి పరీక్ష. పాసైతే పర్మనెంట్.

లెన్సులు కడిగే మందు ఉప్పల్‌లో కరుణాకర్ బావ కళ్లద్దాల షాపులో కొంటాం. మా మేనత్త కొడుకే. ఎప్పుడూ ఇచ్చే రకం అయిపోయిందని ముందురోజు ఎర్రమూత సీసా ఇచ్చాడు. అది పెరాక్సైడ్ మందు. దానితో వచ్చే డబ్బీలోనే లెన్సులు ఆరు గంటలు నానితే ఘాటు పోతుంది. లేదంటే కన్ను కాలుతుంది. ఆ మాట సీసా ముందువైపు ఎర్రక్షరాల్లో రాసే ఉంది. సరిగ్గా దాని మీదే బావ తన షాపు స్టిక్కర్ అంటించాడు. స్టిక్కర్ నిండా కీసర రామలింగేశ్వరుడు, కింద ఫోన్ నంబరు. అంటించడానికి సీసా బయటికి తీశాక అట్టపెట్టె, డబ్బీ షాపులోనే ఉండిపోయాయి. దీప ఎప్పటిలాగే పాత డబ్బీలో నానబెట్టి పెట్టుకుంది.

"కన్ను పోదు. పదిరోజులు లెన్సు పెట్టొద్దు" అంది దవాఖానాలో డాక్టరమ్మ. "ఎర్రక్షరాలు కనబడలేదా?"

"కొసకు జర కనబడ్డయి మేడమ్. దేవుని బొమ్మను గోరుతోని ఎట్ల గీకుత?" అంది దీప.

నేనైనా గీకేదాన్ని కాదు.

దీపను అమ్మ దగ్గర పడుకోబెట్టి షాపుకెళ్లాను.

"నేనేం జేసిన కల్పనా? అన్నిటికీ గట్లనే అంటిస్త. దేవుడుంటే మంచిదే గదా!" అన్నాడు బావ.

"నీ కడుపు సల్లగుండ! కింద ఏం రాసిన్రో ఎన్నడన్న సదివినవా?"

అరలో మిగిలిన ఎర్రమూత సీసాల స్టిక్కర్లన్నీ పీకాను. "అయ్యో, దేవుడే!" అంటూ బావ రెండు చేతులూ చాపాడు. ఆ చేతుల్లోనే పెట్టాను. తిట్టాలని దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.

మెట్లు దిగుతుంటే మా సూపర్‌వైజర్ సుష్మ ఫోన్ చేసింది. "దీప రాలే గదా. ఆ జాగ ఖాళీ ఉంచరు. నీకు అద్దాలు లెవ్వు గదా కల్పనా, నువ్వొచ్చి టెస్ట్ ఇయ్యి."

"దానికి పదిరోజులు టైమియ్యండి మేడమ్."

"నా చేతుల లేదు. నువ్వు రాకుంటే బయటోళ్లను తీసుకుంటరు."

వెళ్లాను. చివరి వరుస దాకా అక్షరాలన్నీ చదివాను. పాసన్నారు. సంతోషమూ కలగలేదు, ఏడుపూ రాలేదు.

ఇంటికొచ్చేసరికి దీప కంటికి కట్టుతో గోడకానుకుని కూర్చుంది.

"నా జాగల ఎవరినన్న తీసుకున్నరా అక్కా?"

"తీసుకున్నరు."

"మంచిగ సూస్తదా?"

"సూస్తదట."

దీప కంటి కట్టు సర్దుకుంది.

"ఆ కుర్సీ జర ఎత్తు పెంచుకొమ్మను. లేకుంటే పొద్దుమీకేసరికి మెడ పట్టేస్తది పాపం."

చెప్తానన్నాను.