మసి లేపే పాట

రాయపూర్ శివార్లలోని బీర్‌గావ్‌లో పొద్దున్నే మేడ ఊడవని ఇల్లుండదు. రాత్రంతా ఫ్యాక్టరీల పొగగొట్టాలు కక్కిన మసి తెల్లారేసరికి మొక్కల మీదా, ఆరేసిన చీరల మీదా పేరుకుని ఉంటుంది. మాలతి వాళ్ల మేడ మీద మాత్రం చీపురుకి పని తక్కువ. ఉమేష్ పాట పెడితే చాలు, వాలిన మసి వాలినట్టే లేచి పిట్టగోడ దాటిపోయేది. పక్కింటివాళ్లు గొణుక్కుంటూనే తమ బట్టలు తెచ్చి ఇక్కడ ఆరేసుకునేవారు.

ఉమేష్ అంటే, ఇక్కడ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఈ మేడగదిలో అద్దెకుండి, రోలింగ్ మిల్లులో పనిచేస్తూ గిటారు వాయించుకున్న కుర్రాడు. తర్వాత ముంబయి వెళ్లి ఒక్క హిందీ పాటతో దేశమంతా మోగిపోయాడు. ఇంకోసారి తిట్టవే, నీ తిట్టుకే నాకు ఆకలేస్తుంది అని దాని పల్లవి. ఆ తిట్టే మనిషి ఎవరని టీవీవాళ్లు ఎంత గుచ్చి అడిగినా, "రాయపూర్‌లో మా మేడ మీద," అని నవ్వేసేవాడు.

అది తనేనని మాలతికి తెలుసు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ గిటారు మోత ఆపమని అతన్ని కసిరింది కదా. తోడికోడలు ఫణిశ్రీకీ తెలుసు, అది తనేనని. ఆమె ఇంకా గట్టిగా కసిరిందట.

అప్పట్నించి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. పాటలోని మనిషి మేడ మీదుంటేనే మసి లేస్తుందని ఇద్దరి లెక్క. అదెవరో తేలనివ్వకూడదు కాబట్టి, ఒకరు మేడెక్కితే రెండోవారు వెనకాలే హాజరు. వాళ్ల రచ్చ భరించలేక అత్త దాలమ్మ మోకాళ్లు పట్టుకుని పైకొచ్చి ఇద్దర్నీ కడిగేసేది. అందుకే ఆవిడకి ఇద్దరూ చల్లారిన టీయే ఇచ్చేవారు. ఆ ఒక్క విషయంలో మాత్రం కోడళ్లది ఒకే మాట.

ఇల్లు పంపకాలకొచ్చింది. పాట ఎవరిదని తేలితే వాళ్లకి మేడ. రెండోవాళ్లకి కింది వాటా, దాంతోపాటు అత్త. అన్నదమ్ములు తలలూపారు. మాలతి పెట్టే గుమ్మడి వడియాలంటే మోవా పేట దాకా తెలుగు ఇళ్లన్నిటికీ ప్రాణం. మేడ పోతే ఈ మసిలో వడియాలు ఆరబెట్టేదెక్కడ?

"బస్, ఇక చాలు, ఇవాళ తేలిపోద్ది. ముసలమ్మని జాగ్రత్తగా చూసుకో అక్కా," అంది ఫణిశ్రీ.

"నోరు మూసుకుని ముందు నువ్వెక్కు."

అడ్డం రాకుండా దాలమ్మని మెట్ల కింద కూర్చోబెట్టారు.

ఫణిశ్రీ ఒక్కత్తే పైకెళ్లి ఫోన్‌లో పాట పెట్టింది. మసి కదల్లేదు సరికదా, ఆమె పసుపు చీర మీద ఇంకాస్త వాలింది. మెట్ల మీంచి చూసి మాలతి పగలబడి నవ్వింది. తన వంతు రాగానే పిండి బేసినతో ఎక్కి, గుడ్డ పరిచి, పాట పెట్టుకుని ధీమాగా వడియాలు పెట్టసాగింది. పల్లవి అయింది, చరణం అయింది. తెల్లటి వడియాల మీద నల్లటి మసి తాపీగా పడుతూనే ఉంది. మాలతికి ఏడుపొచ్చింది. మొగుడు మాట్లాడని రోజుల్లో కూడా, ఎక్కడో ఒకడికి తన తిట్టంటే ఆకలి అనుకునే బతికింది మరి.

"వడియాలా అక్కా, బొగ్గులా?" పై మెట్టు మీంచి ఫణిశ్రీ కేకేసింది.

ఆ మాటకి దాలమ్మ ఇక ఆగలేదు. గోడ పట్టుకుని ఎక్కేసింది.

"ఏటే, పిండంతా మట్టిపాల్సేసినారు! గుడ్డ కప్పాలని తెల్దేటి? సిగ్గూ సెరం నేదు ఇద్దరికీ!"

మసి లేచింది. వడియాల మీంచి, ఫణిశ్రీ చీర మీంచి ఒక్కసారిగా లేచి గోడ దాటిపోయింది. ముసలామె నెరిసిన జుట్టు మీద నలుసు లేదు.

ఫోన్‌లో పాట ఇంకా మోగుతూనే ఉంది.

"ఏటంతన్నాడాడు పాటలో?" అడిగింది దాలమ్మ. ఆవిడ హిందీ కూరగాయల బండి దగ్గరే ఆగిపోయింది.

మాలతి పళ్లు బిగించి చెప్పింది. "ఇంకోసారి తిట్టమంటున్నాడు. మీ తిట్టుకే ఆకలేస్తుందట."

"తిట్టకపోతే తినీవోడా? డూటీ దిగొచ్చి, కడుపు మాడ్సుకుని ఆ డబ్బా వాయించుకునీవోడు. తిట్టి తిట్టి గెంజన్నం పెట్టీదాన్ని." ఫోన్ కేసి చూసి అంది, "ఇన్నేళ్లూ నాకెవులూ సెప్పనేదేటి?"

మధ్యాహ్నానికి కోడళ్లు మళ్లీ జుట్లు పట్టుకున్నారు, ఈసారి అత్త నాకంటే నాకని. దాలమ్మ కొడుకుల చేత తన ట్రంకు పెట్టె మేడగదిలోకి ఎక్కించుకుంది. "మేడ నాది. కింద మీరూ మీరూ కొట్టుకు సావండి," అంది.

మర్నాడు మాలతి కొత్త పిండి బేసిన పట్టుకుని మెట్ల కింద నిలబడింది.

"అత్తయ్యా, పైకి రానా?"

"ముందు టీ అట్రా. ఏడిగా ఉండాల."

మాలతి బేసిన అక్కడే దించి వంటింట్లోకి పరుగెత్తింది. ఫణిశ్రీ అప్పటికే పొయ్యి మీద పాలు పెట్టేసింది.