చుక్కల బుర్ర

మెయిన్ బోర్డులో ట్రిప్ స్విచ్ టక్కున పడిపోయింది. ఆ మధ్యాహ్నం అది అయిదోసారి.

హాల్లో వేలాడుతున్న పంతొమ్మిది దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఏసీ ఒక మూలుగు మూలిగి ఆగింది. లోపల మిక్సీ ఆగింది. కర్నూలు మే నెల ఎండ అదే అదనుగా కిటికీ అద్దాలకు వచ్చి ఆనుకుంది.

నిచ్చెన మీదున్న దేవేంద్రప్ప టెస్టర్‌ని పళ్ళ మధ్య పట్టుకుని, కిందికి చూడకుండానే చెయ్యి చాచాడు. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పనిమనిషి విశ్వాసమ్మ టార్చి అందించింది. ఆమె చెయ్యి వణుకుతోంది. ఎక్కింది తను, వణికేది ఆమె. దేవేంద్రప్పకు వింతగా తోచింది గానీ దాని గురించి ఆలోచించే తీరిక లేదు. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ఆరింటికి కడప నుంచి శ్రీనివాసులు వస్తాడు.

శ్రీనివాసులు మైదుకూరు రోడ్డులో పదహారు ఇళ్ళు కట్టిస్తున్నాడు. హాల్లో అడుగుపెట్టిన మనిషి తలెత్తి చూసి ఆగిపోయేలాంటి దీపం ఏదైనా కావాలని ఆయన పట్టుదల. బాలసుబ్రహ్మణ్యం శెట్టి ఇంట్లో సొరబుర్రల దీపాలున్నాయని ఎవరో చెబితే, చూసి ఖాయం చేస్తానని ఫోన్ చేశాడు. దేవేంద్రప్పకు యాభై ఏడేళ్ళు. నలభై ఏళ్ళుగా ఊరి ఫ్యాన్లు బిగిస్తూ, కాలిపోయిన మోటార్లు చుడుతూ, ట్యూబులైట్లు మారుస్తూ బతికాడు. ఇల్లు వెలిగాక ఎలక్ట్రీషియన్ పేరు ఎవరికీ గుర్తుండదు. నువ్వు చేసింది చూడాలి అని ఒక మనిషి అంత దూరం నుంచి బయల్దేరి రావడం అతని జీవితంలో ఇదే మొదటిసారి.

"ఏమప్పా, అయితాదా లేదా?" కింద నుంచి బాలసుబ్రహ్మణ్యం అడిగాడు. బట్టల కొట్టులో గిరాకీ వదిలేసి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. "కాకపోతే చెప్పు, ఆ బుర్రలు పీకేసి మామూలు బల్బులు పెట్టుకుంటాం. ఆయప్ప వచ్చి చీకట్లో కూర్చోవాల్నా?"

"బుర్రల్లో ఏం లేదు శెట్టీ. అన్నీ చూసినా. కరెంటు వాటి కాడికి వచ్చేలోపలే యాడో కారిపోతాండాది."

"ఎట్లాగూ పైకెక్కినావు గదా, ఆ చచ్చిన ఎలుక యాడుందో అది కూడా చూడు" అంది శెట్టి భార్య సుచరిత. వారం రోజులుగా హాల్లో అదో రకం కంపు. పొద్దునా సాయంత్రం అగరొత్తులు వెలిగిస్తున్నా పోవడం లేదు.

పూజగది పక్కన కుర్చీలో కూర్చున్న శెట్టి తల్లి రాజ్యలక్ష్మమ్మ మాత్రం చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిచ్చెన వైపే చూస్తోంది.

ఆ ఇంట్లో దేవేంద్రప్పతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆరు నెలలు పని జరిగింది. రోజూ పదకొండింటికి స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చేది. మిగతా ఇళ్ళల్లో గ్లాసు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోతారు. ఈమె అతను తాగేదాకా నిలబడేది. ఒకరోజు, బుర్ర మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకుని చేతి డ్రిల్లుతో ఒక్కొక్క బెజ్జమే వేస్తుంటే, ఆ చుక్కలు యాడ నేర్చినావప్పా అని అడిగింది. నలభై ఏళ్ళలో అతన్ని ఒక మనిషి పని గురించి కాక, పని ఎట్లా వచ్చిందని అడగడం అదే మొదలు.

చెప్పాడు. అతని నాన్న ఆలూరు దగ్గర గొర్రెలు కాసేవాడు. ఎండిన సొరకాయలోంచి గుజ్జూ గింజలూ తీసేసి, అందులో నీళ్ళు పోసుకుని భుజానికి తగిలించుకునేవాడు. నాన్న పోయాక ఆ బుర్ర దేవేంద్రప్ప గదిలో చిలక్కొయ్యకు మిగిలింది. ఆ తర్వాత భార్య ఉరుకుందమ్మ పోయింది. పిల్లలు లేరు. ఒంటరి గదిలో ఉత్త బల్బు వెలుతురు ముఖం మీద కొట్టినట్టుండేది. ఒక ఆదివారం ఏమీ తోచక నాన్న బుర్రకు బెజ్జాలు వేసి బల్బుకు తొడిగాడు. ఏ వరసలో వెయ్యాలో తెలియలేదు. ఉరుకుందమ్మ రోజూ వాకిట్లో పెట్టే ముగ్గు గుర్తొచ్చింది. ఆ చుక్కలే వేశాడు. స్విచ్ వేస్తే గది నాలుగు గోడల మీదా ఆమె ముగ్గు చుక్కలు.

అలాంటిది ఇంకొకటి చేసి శెట్టి బట్టల కొట్టులో తగిలిస్తే, వచ్చిన ఆడవాళ్ళు చీరలు వదిలేసి దీపం ధర అడిగారు. దాంతో శెట్టి తన కొత్త ఇంటి హాలు అప్పగించాడు.

ఆ ముగ్గు సంగతి విని రాజ్యలక్ష్మమ్మ, "కొత్తింట్లో నా గదికి కూడా ఒకటి చెయ్యప్పా. ట్యూబులైటు కింద పండుకుంటే ఆసుపత్రిలో ఉన్నట్టుండాది" అంది. ఆ బుర్ర సగం పని అయ్యి ఆమె గది కిటికీలోనే ఉంది.

దేవేంద్రప్ప నిచ్చెన దిగి, దాన్ని వీధి తలుపు దగ్గరికి జరిపి మళ్ళీ ఎక్కాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. నిచ్చెనలు ఎక్కే వయసు అయిపోయిందనుకున్నాడు. తలుపు పైన తెల్లటి ఫాల్స్ సీలింగ్ మీద అరచేయంత పసుపు మరక. దాని అంచు వెంట చీమలు వరస కట్టాయి.

ఎలుక చస్తే చీమలు వస్తాయి. ఇంత తడి రాదు.

మరక పక్కనే, తీగలు సరిచూసుకోవడానికి తనే పెట్టించిన చిన్న తలుపు ఉంది. దాన్ని పైకి తోశాడు. కంపు గుప్పున ముఖం మీద పడింది. ఊపిరి బిగబట్టి తల లోపలికి పెట్టి టార్చి వేశాడు.

ఉక్కపోతలో, ఇనుప కమ్మీకి కట్టిన గుడ్డ మూటలో, ఒక బూడిద గుమ్మడికాయ. పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. మూడు నెలలు ఆ వేడిలో ఉడికి, కుళ్ళి, కిందివైపు కుంగిపోయింది. దాని నీళ్ళు బొట్టు బొట్టుగా తీగ మీద పడి, తీగ వెంట జారి, జాయింటు పెట్టెలోకి దిగుతున్నాయి. పెట్టెకు మూత ఉంది. నాలుగు మరలూ బిగించే ఉన్నాయి. తీగ దూరే సందులోంచి పోయింది తడి.

దొంగ దొరికింది. కట్టిందెవరు?

టార్చి గుడ్డ మీదికి తిప్పాడు. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. దేవేంద్రప్ప చెయ్యి ఆగిపోయింది. అది ఉరుకుందమ్మ చీర ముక్క. బుర్రలు గీసుకుపోకుండా ఆ చీర ముక్కల్లోనే చుట్టి తెచ్చేవాడు. ఒకటి రాజ్యలక్ష్మమ్మ అడిగి తీసుకుంది.

అప్పుడు అంతా అర్థమైంది. మాఘమాసంలో గృహప్రవేశం రోజు వచ్చినవాళ్ళంతా తలలెత్తి బుర్రల్నే చూశారు. గుమ్మానికి గుమ్మడికాయ కడదామని ముసలామె అంది. బంధువులందరి ముందూ శెట్టి కసురుకున్నాడు. ఇట్లాంటి ఇంటికి ఎవరైనా గుమ్మడికాయ కడతారా, ఇంకోసారి నీ చాదస్తాలు ఈ గుమ్మానికి తగిలించినావంటే తీసుకుపోయి బనగానపల్లెలో చెల్లెలింట్లో దింపి వస్తా అన్నాడు. ఆమె సాయంత్రం దేవేంద్రప్పకు పాయసం ఇస్తూ, "ఇంతమంది కండ్లు పడితే నీ దీపాలు తట్టుకోవప్పా" అంది. గుమ్మానికి కట్టొద్దన్నారు గనక గుమ్మం పైన కట్టించింది. ఇంటికి కాదు. అతని దీపాలకు.

కింద విశ్వాసమ్మ ఎందుకు వణికిందో కూడా తెలిసింది. డెబ్బై రెండేళ్ళ మనిషి నిచ్చెన ఎక్కలేదు కదా.

"ఎలుకేనా?" సుచరిత అడిగింది.

దేవేంద్రప్ప కమ్మీ ముడి విప్పి, మూటను అలాగే నిచ్చెనకు తగిలించిన తన రెగ్జిన్ సంచిలోకి దించి జిప్పు లాగాడు.

"ఎలుకేనమ్మా. తీసేసినా."

పెట్టె తుడిచి ఆరబెట్టి, తడిసిన తీగ కోసేసి కొత్తది కలిపి టేపు చుట్టేసరికి అయిదున్నర. స్విచ్ వేశాడు. ట్రిప్ పడలేదు.

శ్రీనివాసులు ఆరుంపావుకు వచ్చాడు. నిండైన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. కిటికీ తెరలు వేసి దీపాలు వెలిగించారు. పంతొమ్మిది బుర్రల్లోంచి వేల చుక్కలు గోడల మీదా, సోఫాల మీదా, శ్రీనివాసులు తెల్ల చొక్కా మీదా పడ్డాయి. ఫ్యాను గాలికి బుర్రలు కొంచెం కదిలితే చుక్కలన్నీ కదిలాయి. ఆయన తలెత్తి అలాగే నిలబడిపోయాడు. ఒక ఫోన్ మోగితే చూడకుండా నొక్కేశాడు.

"ఎవరప్పా చేసింది?" అన్నాడు.

దేవేంద్రప్ప గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు.

ఆయన చూపు అంతలో తలుపు పైన మరక మీదికి పోయింది. ఇళ్ళు కట్టేవాడి కన్ను. ఏమైందని అడిగాడు. బాలసుబ్రహ్మణ్యం నవ్వుతూ, మధ్యాహ్నం నుంచి అయిదుసార్లు కరెంటు పోయిందనీ, ఎలుక చచ్చిందనీ చెప్పాడు.

"ఎలుకకు అంత తడి యాడిది? యాడి నుంచో నీళ్ళు కారినాయి. కారినా పెట్టెకు మూత ఉంటే ట్రిప్ కాదే." శ్రీనివాసులు దేవేంద్రప్ప వైపు తిరిగాడు. "మూత బిగించినావా పెద్దాయనా?"

సంచి కాళ్ళ దగ్గరే ఉంది. జిప్పు లాగితే చాలు, జవాబు అందులోనే ఉంది. పదహారు హాళ్ళూ అందులోనే ఉన్నాయి. పూజగది పక్కన కుర్చీ కిర్రుమంది. రాజ్యలక్ష్మమ్మ లేచి నిలబడింది. ఆమె కళ్ళు సంచి మీద ఉన్నాయి. జిప్పు కొసన ఆకుపచ్చ గుడ్డ అంచు వేలెడంత బయటికి కనిపిస్తోంది.

"మరిచిపోయినా సార్" అన్నాడు దేవేంద్రప్ప. "తప్పు నాదే."

నలభై ఏళ్ళ పనితనం ఇదేనా అన్నాడు బాలసుబ్రహ్మణ్యం. శ్రీనివాసులు కాఫీ తాగి వెళ్ళేటప్పుడు, మంచి మర్యాదగా, చెప్పి పంపిస్తాలే అన్నాడు. ఆ మాటకు అర్థం ఆ హాల్లో అందరికీ తెలుసు.

మెట్ల దగ్గర రాజ్యలక్ష్మమ్మ మజ్జిగ గ్లాసుతో ఎదురొచ్చింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. లోపల కొడుకు గొంతు వినిపించి మూసుకుంది. అతను ఎప్పట్లాగే చివరి చుక్క దాకా తాగి గ్లాసు ఇచ్చాడు.

"మీ గది బుర్ర రేపొచ్చి అయిపోగొడతానమ్మా. సగమే ఉండాది."

దిష్టికాయను పారే నీళ్ళల్లో వదలాలి. మురిక్కాలువలో పడెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. కాలనీ దాటి కె.సి. కాలువ దాకా నడిచాడు. మే నెల. కాలువలో నీళ్ళు వదల్లేదు. అడుగున పగుళ్ళిచ్చిన ఒండ్రు, రెండు చెప్పులు, కూల్‌డ్రింకు సీసాలు. పడమట ఇంకా వెలుతురుంది. గట్టు మీద రాతి దిమ్మె పక్కన కూర్చున్నాడు. కాయను ఏం చెయ్యాలో తెలియలేదు గానీ, చీర ముక్క మాత్రం దానితో పోకూడదనుకున్నాడు. సంచి తెరిచి ముడి విప్పడం మొదలుపెట్టాడు. విశ్వాసమ్మ గట్టి ముడి వేసింది. భుజం నొప్పి చేతిలోకి దిగింది. కాసేపాగి విప్పుదామని సంచిని ఒళ్ళో పెట్టుకుని దిమ్మెకు ఆనుకున్నాడు. కాలనీలో ఒక్కొక్క ఇల్లే వెలుగుతోంది. వాటిలో ఎన్నింటికి తను తీగలు లాగాడో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

పొద్దున నడకకు వచ్చినవాళ్ళు నిద్రపోతున్నాడనుకున్నారు. ఎండ వచ్చాక గానీ లేపలేదు.

జేబులోని చీటీలో శెట్టి నంబరు ఉంటే పోలీసులు ఫోన్ చేశారు. బాలసుబ్రహ్మణ్యం వెళ్ళి శవాన్ని గుర్తుపట్టి, ఆలూరుకు కబురు చేయించి, తొమ్మిదింటికి తిరిగొచ్చాడు. అతని ముఖంలో దుఃఖం కంటే భయం ఎక్కువగా ఉంది. సంచిలో కుళ్ళిన గుమ్మడికాయ ఉందని చెప్పాడు. పసుపూ కుంకుమా ఉన్నాయనీ, పైన మన సీలింగు తెల్లపొడి అంటుకుని ఉందనీ చెప్పాడు. సుచరిత గుండె మీద చెయ్యి వేసుకుంది.

"చేతబడి" అన్నాడు శెట్టి గొంతు తగ్గించి. "మనింటి మీదనే చేసినాడు. అది తిరిగి వానికే తగిలింది. ఎలుక అని చెప్పె గదా, చూడు. శ్రీనివాసులుకు చెప్పాల, వాని చేతి సామాను ఏదీ ఇంట్లో పెట్టుకోవద్దని. ఆ బుర్రలు ఈ పొద్దే పీకిస్తా."

ఫోన్ తీశాడు. వంటింటి గడపలో విశ్వాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆగరా" అంది రాజ్యలక్ష్మమ్మ.

ఆమె కుర్చీలోంచి లేచి హాలు మధ్యకు వచ్చింది. ఆ ఇంట్లో ఆమె హాలు మధ్యలో నిలబడడం గృహప్రవేశం తర్వాత అదే మొదటిసారి.

"ఆ కాయ బజార్లో బేరమాడి తెచ్చింది నేను. పసుపు పూసింది నేను. ఆ విశ్వాసమ్మను బతిమాలి పైకెక్కించి కట్టించింది నేను. దాని మీద తప్పు లేదు. నా కాయ నీళ్ళే కారినాయి. ఆ మనిషి మూత బిగించినాడు, నా కండ్లతో చూసినా. నిన్న సంచి చేతిలో పెట్టుకుని, నన్ను చూసి, మరిచిపోయినానని చెప్పినాడు. నేను నోరు మూసుకున్నా." కొడుకు చేతిలోని ఫోన్ వైపు వేలు చూపించింది. "చెయ్యి ఫోను. శ్రీనివాసులుకు చెప్పు. మా ఇంట్లో కరెంటు తీసింది దేవేంద్రప్ప కాదు, మా యమ్మ రాజ్యలక్ష్మమ్మ అని చెప్పు. చెప్పినాక నన్ను యాడికి పంపిస్తావో పంపియ్."

ఆమె గది కిటికీలో, సగం దాకా బెజ్జాలు పడిన సొరబుర్ర ఒకటి పొద్దుటెండలో ఉంది. మిగతా సగం మీద పెన్సిలుతో పెట్టిన చుక్కలు ఇంకా చెరగలేదు.