టైరు భుజం మీద సుద్దగీత

నా రాతలో ఒత్తులు తప్పినా, దీర్ఘాలు జారిపోయినా మన్నించండి. మా ఆయన పోయిన తరువాత మనవరాలి పలక మీద నేర్చుకున్న అక్షరాలివి. చెయ్యి నిదానం. వేరుశెనగ విత్తేటప్పుడు మొదలుపెట్టిన కథ, కాయలు పీకేటప్పటికి పూర్తయింది. టైర్ల సంగతి మాత్రం తప్పు రాయలేదు. ఈ టైరు షాపు మా తమ్ముడు ఇనాయతుల్లాది.

రాప్తాడు దగ్గర హైవే పక్కనున్న ఆ షాపుకు ఏ కారు వచ్చినా, పోయేటప్పుడు కాస్త ఎత్తు పెరిగి పోతుంది. కంపెనీ ఇచ్చిన దానికన్నా ఒక సైజు ఎత్తు టైరు ఎక్కించడం ఇనాయతుల్లా అలవాటు. అతనిదేమిటి, ఈ చుట్టుపక్కల అందరిదీ అదే అలవాటు. హైవే దిగితే గుండ్రాళ్లు, గుంతలు. కారు కడుపు రాయికి తగలకూడదు కదా.

ఇనాయతుల్లాకు ఇంకో కారణం కూడా ఉంది. మా చిన్నతమ్ముడు తౌఫిక్ అందం కోసం బెంగుళూరులో పక్క గోడ పొట్టిగా ఉండే పల్చటి టైర్లు వేయించుకొచ్చాడు. బత్తలపల్లె రోడ్డులో రాయి తగిలి రిమ్ము పగిలింది, కారు కాలవలో పడింది. తౌఫిక్ ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. అప్పటి నుంచి ఇనాయతుల్లా ఎవరికీ పల్చటి టైరు ఎక్కించలేదు.

అలాంటి షాపు ముందు ఒకనాడు రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు ఆగింది. నడుపుతున్నది ఇనాయతుల్లా కూతురు నాజ్‌నీన్. పక్కన కారు సొంతదారు పద్మజ, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి కూతురు. ఇద్దరూ కాలేజీ నాటి స్నేహితులు.

"నాయనా, ఆదివారం ఆటోక్రాస్ ఉండాది. చక్రాలు మార్చల్ల" అంది నాజ్‌నీన్ దిగుతూనే.

ఆటోక్రాస్ అంటే ఖాళీ మైదానంలో రబ్బరు కోన్లు పెట్టి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఒక్కో కారే పోవడం. తక్కువ సమయంలో వచ్చినవాళ్లు గెలిచినట్టు. కోను పడితే సమయం కలుపుతారు. ఈసారి గెలిచినవాళ్లను, పోటీ పెట్టే క్లబ్బువాళ్లు బెంగుళూరు పెద్ద పోటీకి తమ కారు ఇచ్చి పంపుతామన్నారు. నాజ్‌నీన్ రెండేళ్లుగా అంతదాకా వచ్చి, అంచున ఆగిపోతోంది.

"ఉన్న చక్రాలకు ఏమొచ్చినాది?" అన్నాడు ఇనాయతుల్లా. కారు కింద పదిహేడు ఇంచుల చక్రాలు వెండి కంచాల్లా మెరుస్తున్నాయి.

"నేనూ అదే అడుగుతాండా మామా" అంది పద్మజ. "ఎంత బాగుండాయి చూడు! ఈమె వాటిని తీసేసి బక్క చక్రాలు పెడతాదంట. మెడలో కాసులపేరు తీసి పూసలదండ ఏసినట్టు."

"బరువు పద్మా. మలుపులో నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇంజను వాటినే ఈడ్చల్ల" అంది నాజ్‌నీన్. "పదిహేను ఇంచులైతే తేలిక. పద్నాలుగుకు దిగుదామంటే ముందర బ్రేకుకు తగులుతాది. టైరు వెడల్పు రెండు వందల అయిదు మిల్లీమీటర్లు చాలు. ఇంకా వెడల్పు పోతే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటాది."

"ఎత్తు?" అన్నాడు ఇనాయతుల్లా.

నాజ్‌నీన్ తండ్రి మొహం చూస్తూ చెప్పింది. "యాభై."

వెడల్పులో వందకు యాభై వంతులన్న మాట, టైరు పక్క గోడ ఎత్తు. ఇనాయతుల్లా చేతిలోని పానా బల్ల మీద పెట్టాడు.

"అరవై ఏస్తా. యాభై ఈ షాపులో ఎక్కదు."

"వద్దులే మామా, అనంతపురంలో ఏయించుకుంటాం" అంది పద్మజ.

"యాడికీ పోను" అంది నాజ్‌నీన్. "నాయన ఎక్కించిందాని మీదే నడుపుతా. ఒక మాట మాత్రం నాయనా. రేపు మైదానంలో నువ్వు నా పక్క సీట్లో కూర్చోల్ల. కూర్చుని, ఆపైన చెప్పు."

అతను సరే అన్నాడు. తేలికపాటి పదిహేను ఇంచుల రిమ్ములకు అరవై టైర్లు ఎక్కించి, కారు చుట్టూ తిరిగి చూసుకున్నాడు. కారు కొంచెం పైకి లేచి నిలబడింది. అతనికి తృప్తిగానే ఉంది.

మైదానమంటే లారీల కోసం కాంక్రీటు పోసి వదిలేసిన జాగా. చుట్టూ ఎర్రమట్టి, దూరంగా గాలిమరలు. నాజ్‌నీన్ నాలుగు టైర్లకూ, నేలకు తగిలే పట్టీ పక్క గోడలోకి వంగే చోట, దాన్నే టైరు భుజం అంటారు, అక్కడ నుంచి పక్క గోడ మీదికి సుద్దతో గీతలు గీసింది.

"ఇదేం ముగ్గు మ్మే?" అన్నాడు ఇనాయతుల్లా.

"వచ్చినాక చూద్దువులే. బెల్టు పెట్టుకో."

కారు కదిలింది. మొదటి కోను దగ్గర ఇనాయతుల్లా తలుపు పట్టుకున్నాడు. రెండో కోను దగ్గర అల్లాను తలచుకున్నాడు. మూడో మలుపులో భయం పక్కకు పోయి, ఇంకేదో తెలిసింది. కూతురు స్టీరింగు తిప్పిన ఒక క్షణానికి గానీ కారు తిరగడం లేదు. ముందు టైరు మడత పడుతోంది, ఆ తరువాత బండి కదులుతోంది. వెనక్కి మళ్లే చోట స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డు లోపల టైరు బరబరా రాసుకుంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

బండి ఆగగానే దిగి టైరు ముందు కూర్చున్నాడు. సుద్ద భుజం దాటి, పక్క గోడ మీది అక్షరాల దాకా చెరిగిపోయింది. ఆ అక్షరాలు కూడా గీరుకుపోయాయి. గాలి ఇంకొంచెం ఎక్కించి మళ్లీ తిప్పించాడు. కొద్దిగా మేలు, అంతే.

అరిగిన చెప్పు మీద పరుగెత్తితే చెప్పు పక్కకు ఒరిగి మడమ నేలకు తగులుతుంది. ఇది అలాగే ఉందనుకున్నాడు. రాళ్ల మీద కాపాడే ఎత్తు ఇక్కడ కాలికింద మడత పడుతోంది. కూతురు దాని మీదే నడిపింది, ఒక్క మాట ఎదురు చెప్పకుండా.

గీరుకుపోయిన అక్షరాలను బొటనవేలితో తడిమాడు.

"యాభై తెప్పిస్తా" అన్నాడు లేచి. "కానీ పాపా, అవి రోడ్డు మీద తిరగవు. కారు ఈ అరవై మీదే ఈడికి వస్తాది. యాభైవి ఇంకో నాలుగు రిమ్ములకు ఎక్కించి ఆటోలో తెస్తా. ఈడనే మారుస్తా, మళ్లా ఈడనే తీసేస్తా."

"మామా, టైర్లు ఆటోలో కూర్చోని, కారేమో దాని వెనక నడిచి వచ్చేది యాడన్నా చూసినావా?" అంది పద్మజ.

"చూస్తావులే, ఆదివారం."

ఆదివారం ఆటోలో టైర్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు తౌఫిక్ కూడా. ఆటోలోంచి జాకీ అతనే దించాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి చక్రాలు బిగించారు. సుద్దగీతలు ఈసారి ఇనాయతుల్లాయే గీశాడు.

నాజ్‌నీన్ వంతు వచ్చింది. కారు కోన్ల మధ్య దారం పోగులా దూరి వచ్చింది. తిప్పితే తిరుగుతోంది, మలుపు వదిలితే ముందుకు లాగుతోంది. చివరి తిన్నని దారిలో ఇంజను కీచుమని అరిచింది. చక్రం చిన్నదైంది కాబట్టి రెండో గేరు తొందరగా అయిపోతుందని నాజ్‌నీన్‌కు తెలుసు. మూడో గేరుకు పోతే ఆ క్షణం పోతుంది. పోలేదు, అలాగే పట్టుకుని ముగింపు గీత దాటింది.

"ఇంజను పాయెరా!" అన్నాడు ఇనాయతుల్లా.

"ఏం కాలేదన్నా. నువ్వు నా చెయ్యి ఇడువు, అది పాయె" అన్నాడు తౌఫిక్.

తరువాత వచ్చినవాళ్లెవరూ ఆ సమయాన్ని దాటలేదు. మైకులో నాజ్‌నీన్ పేరు, బెంగుళూరు పేరు కలిపి పిలిచారు. పద్మజ గెంతుతూ పోయి ఆమెను ఎత్తి తిప్పింది. ఇనాయతుల్లా అటు పోలేదు. టైరు దగ్గర కూర్చుని భుజం మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. సుద్ద భుజం దాకానే చెరిగింది. దాని కింద, అక్షరాల పక్కన, అతను గీసింది గీసినట్టే ఉంది.

జనం పలచబడ్డాక నాజ్‌నీన్ తనంతట తనే వచ్చి పానా అందించింది. యాభైవి దిగాయి, అరవైవి ఎక్కాయి.

"బెంగుళూరులో వాళ్ల కారుకు ఏ సైజు ఉండాదో కనుక్కో" అన్నాడు ఇనాయతుల్లా బోల్టు బిగిస్తూ. తరువాత జేబులోంచి మిగిలిన సుద్దముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది తీసుకోని పో. వాళ్లు ఏమన్నా చెప్పనీ, నువ్వు గీసి చూసుకో."

రహమత్‌బీ
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు ఉండేది బత్తలపల్లెలో, కూతురింట్లో