కార్డు మీద లేనిది

తెల్లారితే ఆపరేషన్. అయినా గోదావరి సాయంత్రం బీడీలు చుట్టే తునికాకు తడిపి గుడ్డలో చుట్టిపెట్టింది. "ఆకు ఎండితే పాడైతది. ఒచ్చినంక మెల్లగ కత్తిరిద్దువు తియ్యి," అన్నది అత్త చంద్రవ్వ, రొమ్ములో గడ్డ తీయించుకోవడం అంగడికి పోయి రావడమే అన్నట్టు. గోదావరికి కోపం రాలేదు. గడ్డ సంగతి తెలిసినప్పటి నుంచి ఏడుపూ రాలేదు. అందరికీ అన్నం పెట్టి, గిన్నెలు తోమి, పడుకుంది.

పెళ్లయి బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చిన నాటి నుంచీ ఆమె చుట్టిన బీడీలన్నీ అత్త కార్మిక కార్డు మీదే కార్ఖానాకు పోయాయి. పేరు అత్తది, పీఎఫ్ అత్తది. తనకూ కార్డు తీయించమని ఒకసారి అడిగితే భర్త నాగేందర్ నవ్వాడు. "ఎవ్వల పేరైతే ఏందే? చేతులైతే నీయే గద!" అప్పుడు తనూ నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

పొద్దున కంఠేశ్వర్‌లోని ఆస్పత్రిలో సింధూజ అనే అమ్మాయి గోదావరి మంచం పక్కన కూర్చుంది. క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోందట.

"తీసినంక ఆ గడ్డ నుంచి చిన్న ముక్క మాకిస్తరా అమ్మా? మన ఒంట్ల జీన్ నుంచి ఆర్‌ఎన్‌ఏ అని దారం లెక్క ఒకటి తయారైతది. పనయినంక కొసల నుంచి కరిగిపోతది. కొన్ని మాత్రం కొసలు కలిసి గుండ్రంగ అయితయి. కొస లేదు గద, జల్ది కరగవు. ఒక జీన్‌కు సంబంధించిన గసొంటిదే క్యాన్సర్‌ను ముందుకు నూకుతున్నదేమో అని చూస్తున్నం."

"జీన్ అంటే వంశమే గద," నాగేందర్ గొంతు తగ్గించాడు. "వీళ్ల తల్లిగారి దిక్కు నుంచి ఒచ్చిందా?"

"అది కాదు సార్. గడ్డ లోపల ఏమైతున్నదో చూస్తం, అంతే."

"దీంతోని నాకు తగ్గుతదా బిడ్డా?" గోదావరి అడిగింది.

సింధూజ తల దించుకుంది. "మీకు కాదమ్మా. ఎనక ఒచ్చేటోళ్లకు పనికొస్తదేమో."

కొస లేనిది తొందరగా కరగదన్న మాటే గోదావరి చెవిలో ఉండిపోయింది. ఇంట్లో తడి గుడ్డలో ఆకు ఎదురుచూస్తోంది.

"మా అమ్మను అడగకుంట ఎట్లిస్తం? ఆగు, ఫోన్ చేస్త," నాగేందర్ జేబులో చెయ్యి పెట్టాడు.

"తీసుకో బిడ్డా, నేనిస్తున్న," అన్నది గోదావరి. భర్త వైపు తిరగలేదు. గొంతూ పెంచలేదు.

"గడ్డ నాది. అత్తమ్మ కార్డు మీద లేదు."