బయటి గొళ్లెం

మంగళవారం వస్తే చాలు, పుల్లన్న ఇంటిముందర చెప్పులు కుప్పలు పడేవి. ఆలూరు పక్కన ఆ పల్లెలో జబ్బుకూ, తగాదాకూ, నీళ్లు పడని బోరుకూ ఒకటే దోవ: పుల్లన్న కూతురు శివజ్యోతి మీదికొచ్చే మారెమ్మ.

ఇరవై రెండేండ్ల పిల్ల. బియ్యం ఏరతా ఏరతా చెయ్యి ఆగిపోతుంది. కండ్లు తెరిచే ఉంటాయి, వాటిలో మనిషి ఉండదు. కాసేపటికి చిన్నపిల్ల గొంతు లేస్తుంది. "తలుపు తియ్యి నాయనా! తలుపు తియ్యి!" తేరుకున్నాక ఏమీ గుర్తుండదు. "అమ్మా, నేను యాడ ఉంటి?" అని తల్లిని అడుగుతుంది. "అమ్మవారి కాడ ఉంటివి" అంటుంది గిడ్డమ్మ.

పూజారి ఆ మాటకు అర్థం చెప్పినాడు. పెద్దల తగాదాతో తాళం పడిన మారెమ్మ గుడి తెరవమంటాందంట. ఊరంతా కూడి తాళం పగలగొట్టి, పొట్టేలు కోసి, తిని, చేతులు కడుక్కొని పోయినారు. మూడోరోజే పిల్ల మళ్లీ అదే మాట. గుడి తలుపు తెరిచినాక ఇంకే తలుపని అడగడానికి ఒక్కనికీ నోరు రాలేదు. పుల్లన్నకు అడిగే పనిలేదు. అది ఏ తలుపో ఆయప్పకు మొదటిరోజే తెలుసు.

పోయిన చలికాలం శివజ్యోతి పొయ్యి ముందర కూర్చొని అట్లనే అయిపోయింది. మంట చెయ్యి కాలుస్తాన్నా కదల్లేదు. ఈసారి చెయ్యి, రేపు మనిషి. ఆ భయంతో పుల్లన్న లేచినాడు.

"అమ్మవారిని డాక్టరుకు చూపిస్తావా? సిగ్గులేదూ?" అనింది గిడ్డమ్మ.

"కాలిన చెయ్యి అమ్మవారిదా, నీ కూతురిదా?"

"అమ్మవారు కాకుంటే ఇంకేందప్పా? చెప్పు, ఇంకేంది?"

పుల్లన్న నిజంగానే చెప్తాడేమోనని గిడ్డమ్మ అప్పటికే లోపలికి పోయింది.

ఆలూరులో బలం సూది వేసినారు. ఆదోనిలో ఫిట్సు మాత్రలిచ్చినారు. ఆర్నెల్లు పిల్ల మత్తులో పడుండింది. కర్నూల్లో స్కానింగు తీసి, తలకాయ బాగుండాదన్నారు.

"బాగుంటే ఇట్లెందుకుంటాది సార్?"

అక్కడొక చిన్న డాక్టరు మాత్రం కుర్చీ జరిపి చెప్పినాడు. "ఇది ఫిట్సు కాదు, దేవర పూనకమూ కాదు. ఓర్చుకోలేనిది జరిగితే మనసు పక్కకు పోయి దాక్కుంటుంది. మాట్లాడించి నయం చేసేవాళ్లు కావాల." చీటీ మీద మూడు నంబర్లు రాసిచ్చినాడు.

మొదటిది మోగలేదు. రెండోది కడపది, "పాపకు ఇంగ్లీషు వస్తాదా?" అని అడిగి పెట్టేసినారు. భూమి లోపల చూసే బోరు లారీలు వీధికొకటి ఉండే సీమలో, మనిషి లోపల చూసేవాళ్లు ముగ్గురంట, అందులో ఇద్దరు పలకరు. మూడోది కర్నూల్లోనే. మందులషాపు మీద మేడ, అంజలి మేడం, గురువారం.

"చిన్నప్పుడు ఏమన్నా జరిగిందామ్మా?" అని మేడం పిల్లను అడిగింది.

"ఏం జరగలే. కూలోళ్లం, మాకేం జరుగుతాది?" అన్నాడు పుల్లన్న.

"ఆ అమ్మాయికి నోరుండాది కదా. మీరు కాసేపు బయట కూర్చోండి."

బయటికొచ్చి తలుపు లాగినాడు. గాలికి నిలవలేదు. ఆయప్ప చెయ్యి దానంతటదే పోయి గొళ్లెం పెట్టింది. ఇనుము ఇనుముకు తగిలి టక్కుమనింది.

లోపల గొంతు మారింది. "తలుపు తియ్యి నాయనా!"

"ఎవరేసినారు తలుపు?" మేడం గొంతు మెల్లగా ఉండాది.

"నాయన. బయట బాయి ఉండాదంట, పడతామంట. తమ్మునికి ఒళ్లు కాలతాంది, నీళ్లడుగుతాండాడు..."

పదహైదేండ్ల కిందట గుంటూరు పక్కకు మిరపకాయల కోతకు వలస పోయినారు. రేకుల షెడ్డు, పక్కనే గోడలేని బాయి. ఏడేండ్ల శివజ్యోతినీ, జరమొచ్చిన మూడేండ్ల హనుమేషునూ లోపలుంచి, పుల్లన్న గొళ్లెం పెట్టి తాళమేసి చేనికి పోయినాడు. పొద్దుగూకినాక తీస్తే, తమ్ముని తలకాయ ఒళ్లో పెట్టుకొని పిల్ల కూర్చోనుండింది. పిల్లోడు చల్లగా ఉన్నాడు. ఊర్లో మాత్రం ఆసుపత్రిలో పోయినాడని చెప్పుకున్నారు. ఆ పిల్ల వారం దినాలు మాట్లాడలేదు. మాట్లాడినాక తమ్ముని పేరే ఎత్తలేదు. మరిచిపోయింది, మంచిదే అయిందనుకున్నారు.

పుల్లన్న గొళ్లెం తీసినాడు. శివజ్యోతి ఒళ్లో లేని తలకాయను నిమురుతాంది.

"పండుకున్నాడు నాయనా. లేపొద్దు."

"తాళమేసింది నేనే మేడం" అన్నాడు పుల్లన్న గడప మీదనే కూలబడి. "అంతా నాకు తెలుసు. ఊరంతా అమ్మవారంటాంటే నేనే ఊరుకున్నా."

మేడం ఓదార్చలేదు. "ఇది నాకు చెప్తే చాలదు. ఆ పిల్లకు చెప్పాల. వినగలిగే దినం చూసి, నా ముందర."

శానాసేపటికి శివజ్యోతి కండ్లలోకి మనిషొచ్చింది. చుట్టూ చూసింది.

"నాయనా, నేను యాడ ఉంటి?"

అమ్మవారి కాడ అనే మాట నాలిక చివర దాకా వచ్చింది. మింగినాడు.

"యాడుంటివో నాకు తెలుసు. మళ్లీ ఈడికొచ్చినప్పుడు మేడం ముందర చెప్తా."

మెట్లు దిగేటప్పుడు ఆసరాకని ఆమె కాలి మానిన చెయ్యి పట్టుకోబోయినాడు. శివజ్యోతి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎందుకు లాక్కుందో ఆ పిల్లకే తెలీదు.