ఏనుగు కుర్చీ చివరి పేజీలు

ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక కథల మామయ్య నోటి నుంచి వచ్చిన మొదటి మాట "మరేమో".

మంచం పక్కన కూర్చున్న ఆయన అక్కగారు ఎగిరి గంతేసినంత పని చేసింది. "విన్నావా అమ్మాయ్! వాడు కథ మొదలెట్టాడు. ఇంకేం ఫరవాలేదు" అంది మరదలితో. అక్కగారు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇలాంటి జబ్బులు ఎన్నో చూసింది. అయినా తమ్ముడి దగ్గరకొచ్చేసరికి ఆ చూసిందంతా ఎటో పోయింది.

"మరేమో" అన్నాడాయన మళ్ళీ. తర్వాతి మాట కోసం నోరు తెరిచి, లోపలంతా వెతికి, చివరికి మళ్ళీ "మరేమో" అనే అన్నాడు. నీళ్ళు కావాలన్నా అదే, దుప్పటి తీసేయమన్నా అదే. తలలో నరం చిట్లి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. వాటితోపాటు మాటలన్నీ పోయాయి, ఆ ఒక్కటి తప్ప.

"మీరు చెప్పేది ఆయనకి అర్థమవుతుంది. ఆయన చెప్పాలనుకునేదీ లోపల ఉంటుంది. బయటికి రావడానికే దారి లేదు" అన్నాడు డాక్టరు.

ఊళ్ళో పిల్లలకి ఆయన కథల మామయ్య, ఆయన భార్య బొమ్మలత్తయ్య. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి జుట్టు నెరిసేదాకా ఇద్దరూ కలిసి పిల్లల బొమ్మల పుస్తకాలు చేశారు. ఆయన రాస్తాడు, ఆవిడ గీస్తుంది. వాళ్ళకి పిల్లల్లేరు. ఎవరైనా ఆ ఊసెత్తితే, "లేరని ఎవరన్నారండీ? అచ్చయి వీధులన్నీ తిరుగుతుంటేనూ!" అనేవాడు. ఎదుటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది.

ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ బల్ల. రంగు పళ్ళేలు, కుంచెలు నానేసిన సీసాలు, రంగులంటిన గుడ్డపేలికలు. ఆయనకి బల్ల లేదు. గదంతా ఆయనదే. ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూ, చేతులు ఊపుతూ, గొంతులు మారుస్తూ కథ చెప్పేవాడు. ఆవిడ గీసేది. గీశాక ఆయన వెనకనుంచి వంగి చూసి, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ వాక్యాలు కూర్చోబెట్టేవాడు. వాళ్ళ కాపురంలో దెబ్బలాట ఏదైనా ఉంటే అది ఆ ఖాళీ దగ్గరే.

"అది ఖాళీ కాదండీ, ఆకాశం."

"నా మాటలకి రెక్కలున్నాయిలే. ఆకాశంలో బాగానే ఎగురుతాయి."

"ఎగరవు. నా బొమ్మల నెత్తికెక్కి కూర్చుంటాయి."

ఎంత దెబ్బలాడినా పుస్తకం వచ్చేసరికి ఆకాశం నిండా మాటలే ఉండేవి. అట్ట మీద ఆయన పేరు పైన, పెద్ద అక్షరాల్లో. కింద చిన్నగా 'బొమ్మలు' అని, దాని పక్కన ఆవిడ పేరు. అలా ఎందుకని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడగాలని తోచక కాదు.

జబ్బు చేసేనాటికి వాళ్ళ చేతిలో ఉన్నది 'ఏనుగుకి కుర్చీ'. ఊళ్ళోకొచ్చిన ఏనుగుకి అందరిలాగా కుర్చీలో కూర్చోవాలని ఆశ. పార్కులో బెంచీ విరుగుతుంది. మంగలిషాపులో గుండ్రంగా తిరిగే కుర్చీ విరుగుతుంది. బళ్ళో బల్ల, చివరికి జడ్జిగారి పెద్ద కుర్చీ కూడా నుగ్గునుగ్గయిపోతుంది. అక్కడిదాకా చెప్పి ఆపేశాడాయన.

"తర్వాత?" అంది ఆవిడ.

"ఇప్పుడే చెప్పను. జడ్జిగారి కుర్చీ విరిగాక ఏనుగు మొహం ఎలా ఉంటుందో గీసి పెట్టు. అది చూసి చెప్తా" అని కొంటెగా నవ్వాడు.

ఆవిడ ఆ మొహం గీసింది. తెల్లారి గడ్డం గీసుకుంటూ ఆయన అద్దం ముందు పడిపోయాడు.

ఇంటికి తెచ్చాక అక్కగారు తన సామాను సర్దుకుని వచ్చేసింది. ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, వీపు పుళ్ళు పడకుండా చూడడం ఆవిడ చేతిలో పని. మరదలు చేస్తే ఆవిడకి నచ్చేది కాదు. "నీవి కుంచె పట్టే చేతులమ్మా, నువ్వు అవతలుండు" అనేది. అది ముద్దో విసుగో తెలిసేది కాదు.

మాటలు నేర్పే అమ్మాయి ఒకతె వచ్చేది. బొమ్మల కార్డులు చూపించి, "ఇదేంటి మామయ్యా? క...క..." అనేది. కార్డుల మీద రైలు, కప్ప, గొడుగు. "ఆయనకి తెలిసిన వస్తువులైతే మంచిదండీ. మీరు గీసివ్వగలరా?" అని అడిగింది ఒకరోజు.

ఆవిడ ప్రాణం పెట్టి గీసింది. పిడి విరిగిన ఆయన గ్లాసు, కళ్ళజోడు, బాత్రూము తలుపు, అక్కగారి మొహం, కిటికీలోంచి వచ్చి పాలగిన్నె మూతి నాకిపోయే పక్కింటి పిల్లి. ఆయన ఒక్కో కార్డూ చూశాడు. బొమ్మలు ఎవరు గీశారో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లి కార్డు దగ్గర పెదవులు కూడదీసుకుని, కూడదీసుకుని, "మరేమో" అన్నాడు. ఎడంచేత్తో కార్డులన్నీ ఒక్క తోపు తోశాడు. అవి నేలంతా చెల్లాచెదురయ్యాయి. ఆయన ఏడవడం ఆవిడ చూడడం అదే మొదటిసారి.

"వాడు పిల్లలకి రాసేవాడు కానీ పిల్లాడు కాదు. ఇక మీదట ఇవి చూపించకండి" అంది అక్కగారు, వంగి కార్డులు ఏరుతూ.

బళ్ళు తెరిచే కాలం దగ్గర పడింది. వాళ్ళ పుస్తకాలు వేసే ఎడిటరు ఇంటికొచ్చాడు. పాపం, మంచివాడే. ఆయన మంచం దగ్గర కూర్చుని కాసేపు చెయ్యి పట్టుకుని, తర్వాత ముందుగదిలోకొచ్చి గొంతు తగ్గించాడు.

"అత్తయ్యగారూ, పుస్తకం వస్తుందని అందరికీ చెప్పేశాం. నాలుగు పేజీలేగా మిగిలింది. మీరే రాసేయండి."

"నేనా? నాకు రాయడమేం వచ్చు?"

"ఇన్నేళ్ళు ఆయన పక్కన కూర్చున్నారు కదండీ."

"వంటింట్లో పిల్లీ ఇన్నేళ్ళుగా తిరుగుతోంది. కూర వండుతుందా?" అంది ఆవిడ. ఎడిటరు నవ్వాడు. అటు గదిలోంచి "మరేమో!" అని గట్టిగా వినిపించింది.

ముగింపు ఆయన మనసులో ఉంది. దాన్ని ఎలాగైనా బయటికి తీయాలనుకుంది ఆవిడ. చిన్నచిన్న కాగితాల మీద పెన్సిలుతో గీసి చూపించింది. వడ్రంగి ఏనుగంత కుర్చీ చేసిస్తాడా? కాదన్నట్టు ఎడంచెయ్యి ఊపాడు. ఏనుగే పిల్లలకి కుర్చీ అవుతుందా? కాదు. వచ్చిన దారినే వెళ్ళిపోతుందా? కాసేపు ఆలోచించి, దానికీ చెయ్యి ఊపాడు. పెన్సిలు ఇమ్మని సైగ చేశాడు. ఎడంచేత్తో వంకరటింకరగా ఒక సున్నా చుట్టి కింద గీత గీశాడు.

"చక్రమా? బండెక్కి వెళ్తుందా?"

కాదు.

"చెరువా? చందమామా? డోలా? ఏంటండీ, ఇంకొంచెం గీయండి."

ఆయన అదే సున్నా మీద మళ్ళీ మళ్ళీ గీశాడు, కాగితం చిరిగేదాకా. "మరేమో, మరేమో, మరేమో" అన్నాడు, చెవిటివాళ్ళకి చెప్తున్నట్టు గొంతు పెంచి. చివరికి పెన్సిలు విసిరికొట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ ఎన్నిసార్లు అడిగినా తల తిప్పలేదు.

అప్పుడు ఆవిడ తానే రాయడానికి కూర్చుంది. కష్టపడతాననుకుంది. అదేం విచిత్రమో, పడలేదు. ఏనుగు వీధిలోకొచ్చి నేల మీద చతికిలబడింది. *ఏనుగు నేల మీద కూర్చుంది. నేల విరగలేదు.* అంతే రాసింది ఆ పేజీకి. నడిచి నడిచి కాళ్ళు నొప్పెట్టిన పోస్టుమాన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. మంగలి వచ్చాడు, బడిపిల్లలొచ్చారు. చివరికి జడ్జిగారు నల్లగౌను మడుచుకుని మూలుగుతూ నేల మీదికి దిగారు. ఆఖరి పేజీలో అందరి వీపులే. ఎదురుగా పెద్ద ఆకాశం. అక్కడ ఒక్క అక్షరం కూడా పెట్టలేదు. తర్వాత మొదటి పేజీకి వెళ్ళి, ఆయన మాటలు కూడా తీసేయడం మొదలుపెట్టింది. తొమ్మిది వాక్యాలున్న చోట ఒకటి ఉంచింది.

ఆ రోజుల్లో వంటింట్లో గిన్నెలు కడుగుతూ తనే కూనిరాగం తీస్తుండడం ఆవిడకి వినిపించింది. పంపు కట్టేసి అక్కడే నిలబడిపోయింది. లోపల ఆయన దగ్గుతున్నాడు. ఎన్నాళ్ళుగానో ఇంత సంతోషంగా లేనన్న సంగతి ఆవిడకి అప్పుడు తెలిసింది. ఎవరితో చెప్పుకోగలదు?

పుస్తకం ఆయనకి చదివి వినిపించింది. ఆయన వాక్యాలు లేని చోటల్లా ఆయన కనుబొమ్మలు ముడిపడుతూ వచ్చాయి. కథ పేలవంగా ఉంటే ఆయన మొహంలో ఒక నవ్వు వచ్చేది. ఆ నవ్వు ఆవిడకి బాగా తెలుసు. అది రాలేదు. 'నేల విరగలేదు' అన్నచోట కళ్ళు మూసుకున్నాడు.

అయిపోయాక ఎడంచెయ్యి చాచాడు. తన చెయ్యి కోసం అనుకుని ఆవిడ అందించబోయింది. ఆయన కాగితాలు లాక్కున్నాడు. ఒక్క చేత్తో చింపలేక, పై పేజీ అంచు పళ్ళ మధ్య పెట్టి గుంజాడు. రంగులకి వాడే మందపాటి కాగితం, చిరగలేదు. ఉమ్మి తడికి ఏనుగు తొండం రంగు మాత్రం చెదిరింది. అక్కగారు గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది.

వద్దులెండి, అచ్చు వేయించను అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కాగితాలు మెల్లిగా విడిపించుకుని, చీరచెంగుతో తడి అద్దుతూ, "మీరు చింపినా మళ్ళీ గీస్తానండీ" అంది.

ఆ రోజు నుంచి ఆయన ఆవిడ చేతి ముద్ద ముట్టలేదు. అక్క పెడితేనే తినేవాడు. ఆవిడ గదిలోకొస్తే కళ్ళు మూసుకునేవాడు.

పేర్ల సంగతి ఎడిటరు అడిగితే, "ఎప్పటిలాగే ఉండనివ్వండి" అంది ఆవిడ. పుస్తకం అచ్చయి వచ్చింది. అక్కగారు ఆయన చేతిలో పెట్టింది. ఆయన అట్టని చాలాసేపు చూసి, బొటనవేలి గోటితో తన పేరు గీకడం మొదలుపెట్టాడు. అట్ట మీది మెరుపు పొర లేచిపోయింది. ఒక అక్షరం, దాని పక్కదీ చెరిగి తెల్లబడ్డాయి. అక్కగారు పుస్తకం తీసి బీరువా మీద పెట్టేసింది.

చలికాలంలో ఆయనకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఒక మధ్యాహ్నం ఆవిడ బల్ల దగ్గర ఉంది. కొత్త పుస్తకం, 'బస్సు దిగని మేక'. పేజీకి ఈ చివర నుంచి ఆ చివరికి నీలంరంగు పరుస్తోంది. రంగు తడి మీద ఉండగానే ఆపకుండా దించుకురావాలి, మధ్యలో వదిలితే గీత పడిపోతుంది. లోపల దగ్గు మారింది. ఆవిడకి వినిపించింది. కుంచె ఆగలేదు. ఆకాశం అంచుదాకా దించి, కుంచె సీసాలో పెట్టి లేచి వెళ్ళేసరికి అక్కగారు ఆయన కళ్ళు మూస్తోంది.

ఆకాశం గీత పడకుండా వచ్చింది.

లైబ్రరీ హాల్లో సంతాప సభ పెట్టారు. పిల్లలు, ఒకప్పటి పిల్లలు, వాళ్ళ పిల్లలు, హాలు కిక్కిరిసిపోయింది. మాట్లాడిన ప్రతివాళ్ళూ 'ఏనుగుకి కుర్చీ' గురించే మాట్లాడారు. "నేల విరగలేదు! రెండే ముక్కలు. జీవితమంతా రాసి రాసి, చివరికి ఇంత పొదుపుకొచ్చారు మామయ్య" అంటూ ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. అక్కగారు ముందువరసలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ అక్కగారి పక్కనే కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. ఎడిటరు ఆవిడ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

'బస్సు దిగని మేక' అట్ట మీద ఆవిడ పేరొక్కటే వేశారు, 'కథ, బొమ్మలు' అని. కొన్నాళ్ళకి పేపర్లో దాని మీద ఒక సమీక్ష వచ్చింది. అక్కగారు కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది.

"'బొమ్మలు ఎప్పటిలాగే ముచ్చటగా ఉన్నా, మామయ్య మాట లేని లోటు పేజీ పేజీలోనూ కనిపిస్తుంది. ఏనుగుకి కుర్చీ వంటి ముగింపు రాయగల చెయ్యి ఇక లేదు.'" పేపరు మడిచింది. "నిజమే. మా వాడుంటే..."

"వదినా" అంది ఆవిడ. "ఆ ముగింపు నాది. ఆయన దాన్ని చింపబోయినప్పుడు మీరు గుమ్మంలోనే ఉన్నారు."

అక్కగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"తెలుసమ్మా. నాకు తెలీకేం?" అంది అక్కగారు. "వాడి పేరు వాడే గీకేసుకోవడం కూడా చూశాను. కానీ వాడికింకేం మిగిలిందే? నువ్వు ఇంకా రాస్తావు. పది రాస్తావు. అదొక్కటీ వాడికి వదిలెయ్యవూ?"

"ఆయనకే అక్కర్లేకపోయింది కదా వదినా."

"వాడికి అక్కర్లేదు. నాకు కావాలి." అక్కగారు పేపరు ఇంకో మడత పెట్టింది. "నా చేతుల్లో పెరిగాడు. చివరికి ఒక్క ముక్క కూడా చెప్పలేక, నోరు తెరుచుకుని పోయాడు. అలా కాదు, అంత మంచి మాట చెప్పే పోయాడని నలుగురూ అనుకుంటుంటే, నాకు కాస్త నిద్ర పడుతోంది."

ఆవిడ లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ తర్వాత బళ్ళలో పిల్లలు ఏనుగు కథ ఎవరు రాశారని అడిగితే, "మీ కథల మామయ్య" అనే చెప్పేది. చెప్పిన ప్రతిసారీ నోరు చేదయ్యేది. ఆ చేదు పోతుందేమోనని చూసింది, పోలేదు.

అక్కగారు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మేక తర్వాత ఆవిడ ఇంకో పుస్తకం చేసింది, ఆ తర్వాత మరొకటి. అవేవీ ఏనుగంత పేరు తెచ్చుకోలేదు. సమీక్షలు రాసేవాళ్ళు ఆవిడ ఆకాశాలు మరీ ఖాళీగా ఉన్నాయని రాస్తూనే ఉన్నారు. ఆవిడ వాటిని అలాగే ఖాళీగా వదిలింది.